ఆమేన్ దాకా ఆగే కుక్క

సస్కటూన్ తెలుగువాళ్లలో సువార్తరాజు గారు మంచి వేటగాడని తెలియనివాళ్లు లేరు. కాదని తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. అది ఆయనే.

ఆ పేరు ఆయన కష్టపడి సంపాదించుకున్నది కాదు. పదిహేనేళ్ల కిందట తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ వాళ్లు నది ఒడ్డున పిక్నిక్ పెట్టుకున్నారు. బొగ్గుల మీద కోడి ముక్కలు కాలుతున్నాయి. పొగ ఎటు తిరిగితే కుర్చీలు అటు నుంచి ఇటు జరుగుతున్నాయి. మగవాళ్లందరూ ఎవరి ఊరి గొప్ప వాళ్లు చెప్పుకుంటున్నారు. సువార్తరాజు గారి వంతు వచ్చింది. చెప్పడానికి ఏముంది? సిటీ బస్సు డ్రైవరు. అప్పటిదాకా అందరికీ ఆయన రూపవతి సిస్టర్ వాళ్లాయన. రూపవతి నర్సు. ఆమె అప్లికేషన్‌లో రెండో పేరుగా ఆయన కెనడా వచ్చారు, ఆ రెండో పేరుగానే ఉండిపోయారు.

"మాది కొల్లేరు పక్కనండి. ఎయిర్‌గన్ తీసుకుని దోనెలో వెళ్లేవాళ్లం. ఒకసారి ఒక్క పెల్లెట్‌కి రెండు పరజ పిట్టలు రాలాయి" అన్నారు.

అందులో అబద్ధం లేదు. దోనెలో వెళ్లడం నిజం. పిట్టలు రాలడం నిజం. రాల్చింది మాత్రం మేనమామ. "రాల్చాను" అని ఈయన అననూ లేదు, "రాలాయి" అన్నారంతే. కర్త ఊసే లేకుండా తెలుగు వాక్యం ఎంత హాయిగా నడిచిపోతుందో ఆ రోజు ఆయనకు తెలిసింది. మామ గన్ను పేల్చగానే నడుంలోతు నీళ్లలోకి దిగి, నాచు చీల్చుకుంటూ వెళ్లి, ఇంకా వెచ్చగా ఉన్న పిట్టను పైకెత్తి పట్టుకుని తిరిగొచ్చే పని ఈయనది. ఈ దేశంలో ఆ పని కుక్కలు చేస్తాయి.

ఇక కుక్క సంగతి.

వాళ్లమ్మాయి ఫేబీ కాలేజీలో ఉన్నప్పుడు ఒక కుక్కపిల్లను తెచ్చింది. కాల్చిన బన్ను రంగులో ఉందని బన్ను అని పిలిచారు. ఎనిమిదేళ్లలో అది నలభై కిలోల లాబ్రడార్ అయింది. రూపవతి దానికి ఒకే ఒక్క విద్య నేర్పింది. గిన్నె ముందు పెట్టాక ప్రార్థన పూర్తయ్యేదాకా మూతి పెట్టకూడదు. ఇది చిన్న విద్య అనుకోవద్దు. సువార్తరాజు గారి ప్రార్థనకు ఫెలోషిప్‌లో పేరుంది, నిడివికి. ఆయన లేచి నిలబడితే పెద్దవాళ్లు కూడా ఒక కన్ను తెరిచి బిర్యానీ చల్లారుతోందా అని చూసుకుంటారు. బన్ను మాత్రం వెన్ను నిటారుగా పెట్టి, చెవులు నిక్కబొడుచుకుని, గిన్నె మీదే చూపు నిలిపి, ఆమేన్ అన్న మాట పడేదాకా మీసమైనా కదపకుండా కూర్చునేది. ఆ మాట పడగానే గిన్నె కనిపించేది కాదు.

ఇప్పుడు ఫేబీ మూడు వేల కిలోమీటర్ల దూరాన మార్కమ్‌లో ఉంది. కవలలు పుట్టారు. "డాడీ, ప్లీజ్ కమ్, ఐ కాంట్ మేనేజ్" అని ఫోన్లో ఏడ్చింది. ఇల్లు అమ్మేశారు. జూన్ నెలాఖరుకి ప్రయాణం. ఫేబీ ఉండే కాండో అపార్ట్‌మెంట్‌లో పదకొండు కిలోలు దాటిన కుక్కను రానివ్వరు. ఫెలోషిప్‌లో అందర్నీ అడిగారు. అందరూ బన్నుని ఎంతో మెచ్చుకున్నారు, ఎవరూ తీసుకోలేదు. చివరికి మిగిలినవి రెండు: దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్, త్యాగరాజు గారు.

త్యాగరాజు గారు యూనివర్సిటీలో మట్టి గురించి ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరై, ఊరికి దక్షిణంగా అరగంట దూరంలో నలభై ఎకరాలు కొనుక్కున్నారు. కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. ఆయన పొలాన్ని గోఫర్లు పంచుకున్నాయి. గోఫర్ అంటే, ఉడుత ఒంటి మీద చారలు చెరిపేసి, తోక సగానికి కోసి, కాస్త ఒళ్లు చేయిస్తే ఎలా ఉంటుందో అది. అవి మొన్న నాటిన గోంగూరను మొదళ్లతో సహా తినేశాయి. వాటి బొరియలో కాలు పడి ఆయన భార్య అన్నపూర్ణ గారికి మడమ బెణికింది.

"గోఫర్లని పట్టే కుక్కైతే ఉంచుకుంటానండీ రాజు గారూ," అన్నారు త్యాగరాజు గారు ఫోన్లో. "ఊరికే తిని పడుకునేదైతే వద్దు. ఆ పోస్టులో ఇప్పటికే నేనున్నాను."

"పట్టడమేంటండీ! వాడిది వేట రక్తం" అన్నారు సువార్తరాజు గారు.

"శనివారం మధ్యాహ్నం తీసుకురండి. మీ ఎయిర్‌గన్ కూడా తెచ్చుకోండి. మీకు చేయి తిరిగిన పనే కదా."

ఎయిర్‌గన్ లేదు. శుక్రవారం కొన్నారు.

శనివారం ఆకాశం చాలా ఎక్కువగా ఉంది. ఆ మైదానంలో ఎప్పుడూ అంతే. భూమి ఒక సన్నటి గీత, మిగతాదంతా ఆకాశం. మంచు కరిగి పల్లాల్లో నిలిచిన నీళ్లలో మబ్బులు నిదానంగా ఈదుతున్నాయి. పక్క పొలంలో కనోలా ఇంకా పూతకు రాలేదు, గాలి దాన్ని ఒకే వైపు దువ్వుతోంది. వెనక సీట్లో బన్ను కిటికీలోంచి తల బయటపెట్టి, చెవులు జెండాల్లా ఎగరేస్తూ, తనకేదో పండగ చేస్తున్నారని నమ్ముతోంది.

ఇంటి ముందు చెక్క డెక్ మీద అన్నపూర్ణ గారు బెణికిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"రాజు గారూ!" అని ఆమె పిలవగానే మగవాళ్లిద్దరూ అటు తిరిగారు.

"మిమ్మల్ని కాదు, అన్నయ్య గారిని. గారెలు చేశానండీ. పెరుగన్నం కూడా ఉంది. మీ వేట అయ్యాక తిందురు గాని. క్యారియర్ ఆ ట్రక్కు వెనకాల పెట్టించాను, నీడగా ఉందని."

ట్రక్కు పొలం చివర కంచె పక్కన ఆగి ఉంది. వెనక తలుపు దించి ఉంది. నీడ ఎప్పుడో జరిగిపోయి, దాని మీద స్టీలు క్యారియర్ ఎండకు మెరుస్తోంది. సువార్తరాజు గారు దాన్ని చూశారు. బన్ను కూడా చూసింది.

గోఫర్లు బయటే ఉన్నాయి. ఒక్కొక్క మట్టి దిబ్బ మీద ఒక్కొక్కటి వెనక కాళ్ల మీద లేచి, ముందు చేతులు రొమ్ముకు ఆనించుకుని నిలబడి ఉంది. పాట మొదలవ్వబోయే ముందు లేచి నిలబడిన సంఘంలా ఉన్నాయి. సువార్తరాజు గారికి మనసు పీకింది. అయినా గన్ను నడిమికి వంచి, గుళిక పెట్టి, టక్కున మూసి, ఒక మోకాలు నేలకు ఆనించారు. షాపులో అబ్బాయి చూపించినట్టే చేశారు. ఆ అబ్బాయి చూపించనిది గురి ఒక్కటే.

త్యాగరాజు గారు పక్కనే నిలబడ్డారు, మొహం కంచె వైపు తిప్పుకుని.

ఫట్ మంది. ఈల వేసినట్టు ఒక సన్నటి కూత వినిపించింది. దిబ్బలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి.

"పడిందా?" అన్నారు త్యాగరాజు గారు అటు తిరిగే.

"తప్పుకుందండీ. గాలి."

"అవునవును. ఇక్కడ గాలి చాలా చెడ్డది."

కాసేపటికి ఒక్కొక్క తలే మళ్లీ పైకొచ్చింది. రెండో గుళిక. గోఫరుకి జానెడు దూరంలో దుమ్ము లేచింది. మూడోది ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియలేదు. నాలుగోది కంచె స్తంభానికి తగిలి టంగుమంది. అప్పటికి గోఫర్లు బొరియల్లోకి దూరడం కూడా మానేశాయి. ఒకటి మరీ దగ్గరకు వచ్చి, గడ్డి పరక నములుతూ, ఆయన ఏం చేస్తున్నారా అని చూస్తోంది.

"పడిందా?"

"ఊహూ."

"కొల్లేరులో పిట్టలు కాస్త పెద్దగా ఉంటాయేమో" అన్నారు త్యాగరాజు గారు. అందులో వెటకారం ఉందో లేదో కనిపెట్టడం కష్టం. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన గొంతు అది.

"అన్నయ్య గారూ, స్తంభాన్ని వదిలేయండి, పాపం!" అని డెక్ మీంచి అన్నపూర్ణ గారు కేకేశారు. అందులో మాత్రం ఉంది.

బన్ను గడ్డిలో వెల్లకిలా పడుకుని పొట్ట ఎండకు ఆరబెట్టుకుంటోంది. ఒక గోఫర్ దాని తోక పక్కనుంచే నడిచి వెళ్లింది. ఇద్దరికీ అభ్యంతరం లేకపోయింది.

త్యాగరాజు గారు దాన్ని చూశారు. గడియారం కూడా చూసుకున్నారు. "మరి, వేట రక్తం అన్నారు..."

సువార్తరాజు గారికి షెల్టర్ కళ్ల ముందు కనిపించింది. బుధవారం ఆయన ఒక్కడే వెళ్లి చూసొచ్చారు. శుభ్రంగానే ఉంది. మంచివాళ్లే ఉన్నారు. వరసగా గదులు, ప్రతి గది ముందు ఒక కార్డు, కార్డు మీద వయసు. పిల్ల కుక్కల ముందు జనం మూగుతున్నారు. తొమ్మిదేళ్లని రాసి ఉన్న గది ముందు ఆయన ఒక్కడే నిలబడ్డారు. లోపలి కుక్క లేవనైనా లేదు. ఎవరూ తన కోసం రారని దానికి అప్పటికే తెలుసు. ఆ సంగతి ఆయన రూపవతికి చెప్పలేదు.

"తప్పు నాదేనండి" అన్నారు ఉన్నట్టుండి. "ప్రార్థన చెయ్యకుండా మొదలుపెట్టాను. మా ఇంట్లో ఏ పనీ అలా చెయ్యం. వాడికీ అదే అలవాటు."

"అయ్యో, చేసుకోండి, చేసుకోండి" అని త్యాగరాజు గారు మర్యాదగా టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

సువార్తరాజు గారు గన్ను కింద పెట్టి, లేచి, కళ్లు మూసుకున్నారు. "పరిశుద్ధుడవైన తండ్రీ, కృపగల దేవా..."

ఆ మాట చెవిన పడగానే బన్ను ఒక్క దొర్లు దొర్లి లేచి కూర్చుంది. వెన్ను నిటారు. ముందు కాళ్లు రెండు స్తంభాలు. చెవులు ముందుకు. చూపు ఒకే చోట.

"ఓహో!" అన్నారు త్యాగరాజు గారు గుసగుసగా. "రాజు గారూ, చూడండి, చూడండి! గోఫర్ మీద పెట్టిన చూపు తియ్యట్లేదు. కదలట్లేదు కూడా. మీ సైగ కోసం ఆగింది. ఎంత ట్రైనింగండీ!"

అరవై మూడేళ్ల జీవితంలో మొదటిసారి సువార్తరాజు గారు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచారు. బన్ను ముక్కుకు సూటిగా పది అడుగుల దూరంలో గోఫర్ నిలబడి ఉంది. నిజమే. ఆ గోఫరుకి సూటిగా వెనక, యాభై గజాల అవతల, ట్రక్కు మీద క్యారియర్ ఉంది. త్యాగరాజు గారికి కనిపించింది గోఫర్. బన్నుకి కనిపిస్తున్నది క్యారియర్.

ఆయనకు విషయం మొత్తం అర్థమైంది. ఆమేన్ అనకుండా ఉన్నంతసేపూ బన్ను ఈ మైదానంలోకెల్లా గొప్ప వేటకుక్క. అన్న మరుక్షణం నలభై కిలోల తిండిపోతు. కాబట్టి ప్రార్థన ఆపకూడదు. త్యాగరాజు గారు "సరే, ఉంచుకుంటాను" అనేదాకా ఆపకూడదు.

ఈ పనికి ఆయన కన్నా సమర్థుడు సస్కచెవాన్ రాష్ట్రం మొత్తంలో లేడు.

వర్షాల కోసం ప్రార్థించారు. కనోలా కోసం, గోధుమ కోసం, వాటి ధరల కోసం ప్రార్థించారు. అన్నపూర్ణ గారి మడమ కోసం, రూపవతి మోకాళ్ల కోసం, బస్సు డిపోలో ఇంకా పని చేస్తున్నవాళ్ల కోసం, ఇమిగ్రేషన్ పేపర్లు రాని పిల్లల కోసం, వచ్చినా ఉద్యోగం లేని పిల్లల కోసం ప్రార్థించారు. అలవాటు బలమైనది. మధ్యలో నాలుక దానంతటది ముగింపు గట్టువైపు వెళ్లిపోయింది. "యేసు నామమున అడిగి..." బన్ను వెనక కాళ్లు బిగిశాయి. "...అడుగుటకు ముందు ఇంకొక్క మనవి తండ్రీ" అని ఒక్క మలుపు తిప్పారు. బన్ను కాళ్లు మళ్లీ సడలాయి. త్యాగరాజు గారు ఆశ్చర్యంతో తల ఊపారు. గోఫర్ కూడా చేతులు కట్టుకునే వింటోంది.

"చాలా అద్భుతంగా ఉందండీ" అన్నారు త్యాగరాజు గారు. ఉంచుకుంటాను అని మాత్రం అనలేదు.

పది నిమిషాలు దాటాయి. ప్రపంచంలో ఆయనకు తెలిసిన కష్టాలన్నీ అయిపోయాయి. గాలి వీస్తోంది. ఎక్కడో ఒక పిట్ట నీళ్లు పోస్తున్నట్టు పాడుతోంది. చెప్పడానికి మిగిలింది ఒక్కటే, అది బైబిలు భాషలో రాలేదు.

"ప్రభువా, వీడికి వేట రాదు" అన్నారు మామూలు గొంతుతో. "నాకూ రాదు. ఆ రోజు పిట్టల్ని కొట్టింది మా మావయ్య. నేను నీళ్లలో దిగి ఎత్తుకొచ్చేవాణ్ని. పదిహేనేళ్లు చెప్పుకుని తిరిగాను. అది నా తప్పు, దాన్ని వీడి మీద పెట్టకు. వీడికి రెండు పూటలా తిండి, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. అంతకుమించి ఏమీ రాదు వీడికి. ఆ గదిలో వీడిని పెట్టి వెళ్లి నేను మనవల్ని ఎత్తుకోలేను తండ్రీ. నా చేతులు రావు..."

గొంతు అక్కడ ఆగిపోయింది.

త్యాగరాజు గారు ఈ ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నారు. క్రిస్మస్ విందులకు వెళ్లారు, పెళ్లిళ్లకు వెళ్లారు, సమాధుల దగ్గర నిలబడ్డారు. ప్రార్థన చేసేవాళ్ల గొంతు పూడుకుపోతే పక్కనున్నవాళ్లు అందుకుని ముగించడం మర్యాద అని ఆయన గమనించి పెట్టుకున్నారు. టోపీ గుండెకు ఆనించుకున్నారు.

"ఆమేన్" అన్నారు, మృదువుగా.

బన్ను లేచింది. అది లేవడం కాదు, వదిలిన బాణం. గోఫర్ బొరియలో పడే లోపల దాని నెత్తి మీంచి దూకి, దిబ్బలన్నీ దాటి, గడ్డి రెండుగా చీల్చుకుంటూ పోయి, ట్రక్కు మీదికి ఎగిరింది. క్యారియర్ కింద పడ్డ చప్పుడు పొలమంతా గంటలా మోగింది.

"అయ్యో అయ్యో, నా గారెలూ!" అని అన్నపూర్ణ గారు ఒంటికాలి మీద లేచారు.

మగవాళ్లిద్దరూ వెళ్లేసరికి పై గిన్నె ఖాళీ. కింది గిన్నెలో పెరుగన్నం చివరి మెతుకు దగ్గరుంది. సువార్తరాజు గారు తలెత్తలేదు. నేల ఒక బొరియ ఇస్తే దూరిపోయేవారే.

"రాజు గారూ," అన్నారు త్యాగరాజు గారు టోపీ మళ్లీ పెట్టుకుంటూ. "ప్రార్థనలో విన్నవి నేను బయటికి చెప్పను. ఒకటి నేనూ చెబుతాను, మీరూ చెప్పకండి. మీరు గన్ను పేల్చిన ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఒక్కటన్నా పడి ఉంటే ఇవాళ నేను అన్నం ముట్టేవాణ్ని కాదు."

"ముట్టడానికి ఇంకేం మిగిలిందని!" అన్నారు అన్నపూర్ణ గారు. కుంటుకుంటూ వాళ్ల వెనకాలే వచ్చేశారు. బన్ను ఆమె వైపు తిరిగి, మూతి చుట్టూ నాకుకుని, బెణికిన కాలి పక్కన భారంగా కూలబడింది. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని దాన్ని చూశారు.

"ఈయనగారి కొలెస్ట్రాల్ పుణ్యమా అని ఏడాదిగా నేను మూకుడు పొయ్యి మీద పెట్టలేదు. ఇవాళ మీ పేరు చెప్పి పెట్టాను. నా చేతి వంట ఇంత ఇష్టంగా తిన్న ప్రాణిని చూసి ఎన్నాళ్లైందో! వీడు ఉంటాడు."

"గోఫర్లో?" అన్నారు త్యాగరాజు గారు.

"అవీ ఉంటాయి. ఇన్నాళ్లూ ఉండలేదా?"

సువార్తరాజు గారు అప్పుడు అసలు చిక్కు చెప్పవలసి వచ్చింది. ప్రార్థన లేనిదే వాడు తినడు. అన్నపూర్ణ గారు నమ్మలేదు. అందరూ డెక్ మీదికి వచ్చాక లోపల్నుంచి అరటిపండు తెప్పించి, తొక్క తీసి ముందు పెట్టి, "గోవిందా" అన్నారు. బన్ను నిటారుగా కూర్చుని ఆమె మొహంలోకి చూసింది. త్యాగరాజు గారు "శాంతిః శాంతిః శాంతిః" అన్నారు. ఒక చెవి కదిలింది, అంతే.

"అన్నయ్య గారూ, అంత పెద్ద ప్రార్థన నాకు రాదే. కృష్ణార్పణం అని, చివర్లో మీ మాట అంటే?"

"ముందు ఏమన్నా వాడికి పట్టింపు లేదమ్మా" అన్నారు సువార్తరాజు గారు. "మాలోనే చాలామందికి లేదు."

"కృష్ణార్పణం, ఆమేన్" అన్నారు అన్నపూర్ణ గారు. అరటిపండు మాయమైంది.

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక త్యాగరాజు గారు, "అయితే ఇవాళే వదిలేసి వెళ్లండి. మీరు ఊళ్లో ఉండగానే అలవాటు పడితే మంచిది కదా" అన్నారు.

ఆయన అన్నది సబబే. కానీ ఇంకా రెండు వారాలున్నాయని సువార్తరాజు గారు లెక్క పెట్టుకుని ఉన్నారు. రెండు వారాల నడకలు, రెండు వారాల ఉదయాలు. కారులో ఎప్పుడూ ఉండే దుప్పటి, గిన్నె, గొలుసు తెచ్చి డెక్ మీద పెట్టారు. "వెళ్లొస్తాన్రా" అన్నారు. బన్ను ఒక కన్ను తెరిచి, తోక రెండుసార్లు చెక్క మీద కొట్టి, మళ్లీ మూసుకుంది. పద్నాలుగు గారెలు తిన్న కుక్క అంతకన్నా ఏం చేస్తుంది? వదిలి వెళ్లే రోజున కారు కదిలితే వెంట పరిగెత్తుతుందేమో, ఎలా ఆపాలా అని ఆయన దారంతా భయపడుతూ వచ్చారు. ఆ కష్టం దేవుడు ఆయనకు పెట్టలేదు.

రోడ్డు దగ్గర దిగి గేటు వేశారు. ఫోన్ మోగింది. రూపవతి.

"ఏమండీ, ఏమైంది?"

"ఉంచుకుంటామన్నారు. ఇవాళే."

"నిజంగానా? వేట బాగా చేశాడా?"

"అన్నపూర్ణ గారికి నచ్చాడు."

"మీరు వచ్చేస్తుంటే అరిచాడా? వెంట వచ్చాడా?"

"లేదు. నిద్రపోతున్నాడు."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడైంది. తర్వాత ఆమె, "మరి మీరెక్కడున్నారు?" అంది.

"ఈ గేటు పడట్లేదే రూపా. పడగానే బయల్దేరతాను" అన్నారు సువార్తరాజు గారు, ఎప్పుడో పడిన గడియ మీద చెయ్యి అలాగే ఉంచి.